మడత దగ్గర గీత

నా చెయ్యి వణకదు. చదువు అంతంత మాత్రం, మాట నేర్పు అంతకన్నా తక్కువ, కానీ చెయ్యి మాత్రం వణకదు. డెబ్బైల్లో హనుమకొండలో ఒక నీటిపారుదల ఆఫీసులో నాకు ట్రేసరు ఉద్యోగం వచ్చింది ఆ చేతి వల్లే. ట్రేసరు చేసేది గొప్ప పనేమీ కాదు. నక్ష మీద పలచటి గుడ్డ పరుచుకుని, కింద కనిపించే గీతల మీదుగా అవే గీతలను సిరాతో మళ్లీ గీయాలి. ఉన్న గీత వదలకూడదు, లేని గీత గీయకూడదు. ఆలోచన అక్కర్లేని పని. అందుకే నాకు నచ్చింది కూడా.

నన్ను పెంచింది మా అక్క. అమ్మా నాన్నా నాకు ఊహ తెలియకముందే పోయారు. అక్క నాకన్నా పన్నెండేళ్లు పెద్దది. నెక్కొండ స్టేషన్లో దిగి, ఎడ్లబండి మీద ఇంకా లోపలికి పోతే ఒక పెద్ద చెరువు వస్తుంది. ఆ ఒడ్డున ఉన్న ఊరికి ఆమెను ఇచ్చారు. పేరుకు చెరువే గానీ, ఇవతలి ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డున మేసే బర్రెలు చీమల్లా కనిపించేవి. బావకు ఆ నీళ్ల అంచునే రెండెకరాల మడి ఉండేది. నేను వరంగల్లో ట్రేసరు కోర్సు చదివిన రెండేళ్లూ ఆ మడి బియ్యమే తిన్నాను. నెలకోసారి బావ సంచి భుజాన వేసుకుని రైలు దిగి, మట్టెవాడలో నా గదిదాకా నడిచి వచ్చి, సంచి దించి, మంచినీళ్లు తాగి, మళ్లీ రైలుకు పోయేవాడు. "మంచిగ సదువు బామ్మర్దీ" అనేవాడు. అంతకుమించి మాట్లాడుకున్నది లేదు. అప్పట్లో నాకు కృతజ్ఞత లాంటిదేమీ అనిపించలేదు. ఆకలయ్యేది, వండుకునేవాణ్ణి, తినేవాణ్ణి.

ఆఫీసులో మా గది పొడుగ్గా ఉండేది. వెలుతురు కోసం కిటికీలన్నీ ఉత్తరం వైపే. ముగ్గురం ట్రేసర్లం, మా మీద ఒక హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. ఆయన్ని అందరం సారు అనే పిలిచేవాళ్లం. సారుకు నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. గుడ్డ లేస్తుందని ఎండాకాలం కూడా ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. మోచేతుల కింద పాత పేపర్లు పరుచుకుని పని చేసేవాళ్లం. ట్రేసింగు గుడ్డ మీద ఒక్క చెమట చుక్క పడితే గంజి కరిగి తెల్లటి మచ్చ పడుతుంది మరి.

ఆ గుడ్డ సంగతి చెప్పాలి. అసలుకు అది సన్నటి నూలు బట్ట. దానికి దట్టంగా గంజి పట్టించి, గాజులాగా నున్నగా, లేత నీలంగా తయారు చేస్తారు. గీసే ముందు సుద్దపొడి చల్లి రుద్దాలి, లేకపోతే సిరా అంటదు. గీతలో తప్పు వస్తే బ్లేడుతో గీకి దిద్దుకోవచ్చు. సిరా సీసా ఒలికితే మాత్రం గుడ్డ మొత్తం పోయినట్టే.

అలా పోయిన గుడ్డను పారేసేవాళ్లం కాదు. మా గదిలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరింట్లో నెలలు నిండిన మనిషి ఉంటే ఆ గుడ్డ వాళ్లది. ఇంటికి తీసుకుపోయి మూడు నీళ్లలో ఉడకబెడితే గంజంతా దిగిపోయి, లోపలి బట్ట పాత పంచెకన్నా మెత్తగా బయటపడుతుంది. మా వైపు పురుడు తీరేదాకా బిడ్డకు కొత్త బట్ట తొడగరు. ఇది కొత్తదీ కాదు, పాతదీ కాదు. దానితో జుబ్బలు కుట్టేవాళ్లు. సిరా గట్టిది, ఎంత ఉడకబెట్టినా గీతల నీడ బూడిద రంగులో కొంచెం మిగిలేది. సారు కొడుకు ధర్మసాగర్ పైపులైను నక్ష తొడుక్కుని పెరిగాడని మేము చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఒక ఏడు, ఎండలు ముదరకముందు, సారు ఒక పాత నక్ష తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మా అక్క ఊరి చెరువు నక్ష అది, ఆ సంగతి సారుకు తెలియదు. చెరువు అలుగు ఎత్తు పెంచుతారట, నీళ్లు ఇంకా పైకి వస్తాయట. ముందు పాత నీటి అంచు ఎక్కడిదాకా ఉందో తేల్చాలి. అంచుకు లోపలి భూమి శిఖం, అంటే సర్కారుది. మునిగినా అడిగే దిక్కు లేదు. అంచుకు బయటి భూమి రైతుది. అది మునిగితే ఎగువన బదులు భూమి ఇవ్వాలి. ఆ ఊరి రెవెన్యూ నక్షను తాసీలు కచేరీలో చెదలు తినేశాయట. మిగిలింది నా ముందున్న ఈ ఒక్క నక్షే.

మా తాత పిల్లవాడిగా ఉన్న కాలంలో ఎవరో గుడారాలు వేసుకుని, తిరిగి, కొలిచి, చేత్తో గీసిన నక్ష. మైలుకు ఒక అంగుళం. కాగితాన్ని గుడ్డకు అతికించి మడతలు పెట్టారు. అంచులు బెల్లం రంగుకు తిరిగాయి. గుట్టలకు మట్టిరంగు గీతలు, ఒకదాని లోపల ఒకటి. అడవికి పచ్చరంగు. తాటిచెట్లు కూడా వదలకుండా వేశారు, చిన్న నిలువు గీత, దాని మీద చుక్క. చెరువు కట్టకు దువ్వెన పళ్ల లాంటి గీతలు. చెరువు చుట్టూ సన్నటి నీలం గీత. అక్క ఊరు నాలుగు నల్ల చుక్కలు, చెరువు పేరు ఇంగ్లీషులో తప్పుగా రాసి ఉంది. నక్ష చూస్తే నాకు ముచ్చటేసింది. చెరువును చూసి కాదు, గీసిన చేతిని చూసి. ఆ మనిషి ఎవరో గానీ గీతకూ గీతకూ మధ్య ఎడం ఎక్కడా చెడగొట్టలేదు. అక్క మడి ఇందులో ఎక్కడ ఉంటుందని వెతకాలని మాత్రం నాకు తోచలేదు. అలాంటి నక్షల్లో మళ్లు ఉండవు.

అక్క అప్పుడు నిండు చూలాలు. అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారు. ఊళ్లో అందరికీ భయంగానే ఉంది. నాకూ ఉండాలి, ఉందో లేదో గుర్తు లేదు. రోజూ తొమ్మిదింటికి వచ్చి సుద్దపొడి చల్లి గీతలు గీసేవాణ్ణి. నీలం గీత మొత్తం నల్ల సిరాతో చుట్టి వచ్చాను. పన్నెండు రోజులు పట్టింది. పదమూడో రోజు గుట్టలకు అంకెలు వేస్తుంటే సీసా పడింది. చెయ్యి వణకదని చెప్పాను గానీ మోచెయ్యి సంగతి చెప్పలేదు. తూర్పు గుట్టలన్నీ నల్లగా మునిగాయి. సారు వచ్చి చూసి, సీసా ఎత్తి పక్కన పెట్టాడు.

"పోతె పోయింది. మీ అక్కకు పనికొస్తది తియ్యి. ఇంకోటి షురూ చెయ్యి" అన్నాడు.

ఆ వారంలోనే బావ నేనుండే గదికి వచ్చాడు. ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ బిడ్డా మంచిగున్నారనీ చెప్పాడు. ఆయన మొహంలో నవ్వు చూడడం నాకు అదే మొదటిసారి. ఆ గుడ్డ చుట్టి ఇచ్చాను. ఎట్లా ఉడకబెట్టాలో చెప్పాను. బావ దాన్ని చంకలో పెట్టుకుని రైలెక్కాడు.

రెండో ట్రేసింగు మొదలుపెట్టే లోపల ఒక ఇంజనీరు ఆ నక్షను జీపులో చెరువు మీదికి తీసుకుపోయాడు. తిరిగి వచ్చేసరికి దాన్ని ఎవరో తిరగేసి మడిచారు. పాత కాగితం కదా, మడత పొడవునా రాలిపోయింది. అన్నిచోట్లా అది పెద్ద నష్టం కాదు. ఒక్కచోట మాత్రం చెరువు నీలం గీత సరిగ్గా మడతను దాటుతోంది. అక్కడ వడ్లగింజంత మేర కాగితం లేదు, కింది గుడ్డ కనిపిస్తోంది. ఇటువైపు నుంచి గీత వచ్చి ఆగిపోతుంది, అటువైపు మళ్లీ మొదలవుతుంది.

ఇలాంటప్పుడు ఏం చేయాలో కోర్సులో మొదటి నెలలోనే నేర్పుతారు. చినిగినచోట చుక్కలు పెట్టాలి. పక్కన 'మూలం చినిగినది' అని రాయాలి. అప్పుడు ఎవరైనా నేల మీదికి పోయి కొలుచుకుని వస్తారు. నేను సారును అడిగాను.

"జర్రంత దానికి సుక్కలెందుకు? గీత ఎట్ల వస్తాందో అట్లనే పోనియ్యి. సుక్కలు పెడితే పైనుంచి సవాలక్ష అడుగుతరు, నెల దినాలు ఇదే పని ఐతది" అన్నాడాయన.

తప్పు సారు మీదికి తోసేయడం లేదు. నేను చుక్కలు పెడితే ఆయన నా చేతిలోంచి కలం గుంజుకునేవాడు కాదు, గొణిగి సంతకం పెట్టేవాడు. నాకు కూడా చుక్కలు ఇష్టం లేదు. మంచి గీత మధ్యలో చుక్కలు వస్తే పళ్లూడిన నోరులాగా ఉంటుంది. వంపుల స్కేలు పెట్టి, ఇటు కొసనూ అటు కొసనూ కలిపాను. చాలా చక్కగా కుదిరింది. రెండు వారాల కిందట అదే చోట నా చేత్తోనే గీత గీశాను కదా, అది ఎట్లా పోయిందో గుర్తుకు రావాలి. రాలేదు. ట్రేసరు గీతనే చూస్తాడు, గీత దేని చుట్టూ తిరుగుతోందో చూడడు. మొదటి గుడ్డ అక్క దగ్గరే ఉంది. ఈపాటికి ఉడకబెట్టి ఉంటారులే అనుకున్నాను. అడగలేదు.

ట్రేసింగు మీద సంతకాలు అయ్యాయి, ప్రింట్లు తీశారు, సర్వే వాళ్లు వాటిని పట్టుకుని ఊరికి పోయారు. అక్కడ బావతో కలిపి నాలుగిళ్ల వాళ్ల మళ్లకు పాత కాగితాలు ఉన్నాయి. కానీ వాటిలో పడమటి హద్దు కింద 'చెరువు నీళ్లు' అని మాత్రమే ఉంది. నీళ్లు ఎక్కడిదాకా అంటే నక్షలో ఉన్నంతదాకా. నక్షలో అంటే నేను కలిపిన గీతదాకా.

బావ ఆఫీసుకు వచ్చాడు. గది గుమ్మం దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను లేచి ఆయన దగ్గరికి పోయాను.

"బామ్మర్దీ, మీ ఆఫీసోల్లు గొలుసు వట్టుకొచ్చిండ్లు. మా మడి శిఖంల వడ్డదంటాండ్లు."

"నక్షల ఎట్లుంటె అట్ల కొలుస్తరు బావా."

"ఆడ నీళ్లు సక్కగ పోవు. మా మడి సుట్టు వంగి పోతయి. మా తాత కాలంకెల్లి గంతే. నీకెరుక లేదా? ఆ గట్టు మీదికెల్లి దుంకే గదా నువ్వు ఈత నేర్సింది?"

నాకు ఎరుకే. గట్టు, దాని కొసన ఒక తుమ్మచెట్టు, దాని ముల్లు నా మడమలో విరగడం, అక్క సూదితో తీయడం, అన్నీ ఎరుకే. బల్ల మీది ప్రింటు తెచ్చి చూపించాను. అమ్మోనియా వాసనకు బావ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇగో, ఇక్కడ వంపు లేదు బావా. నక్ష తప్పు చెప్పదు" అన్నాను.

అప్పుడే వెనక నుంచి సారు అడిగాడు. "ఎవరయ్యా ఆయన?"

"మా ఊరి దిక్కు మనిషి సార్" అన్నాను.

ఎందుకు అలా అన్నానంటే నాకు ఇంకా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. నక్ష గీసినవాడి బావకే అందులో మడి ఉందని తెలిస్తే ఏమవుతుందో అని భయం. ఆ భయం ఒక్కటే నాకు స్పష్టంగా తెలిసింది, మిగతాదేదీ తెలియలేదు. బావ నా మొహం చూశాడు. చెప్పులు కింద పెట్టి వేసుకున్నాడు. "పోయొస్త మరి" అని వెళ్లిపోయాడు. చాయ్ తాగి పొమ్మని కూడా నేను అనలేదు.

ఆ సాయంత్రం బీరువాలోంచి పాత నక్ష తీసి చూశాను. బావ చెప్పిన చోటు సరిగ్గా ఆ మడత మీదికే వస్తోంది. వంపు ఉండి ఉండొచ్చు, లేకపోయి ఉండొచ్చు అనుకున్నాను. ఆ మాట ఎవరితోనైనా అంటే ట్రేసింగు వెనక్కి వస్తుంది, ఎవరు కలిపారని అడుగుతారు. నక్ష మడిచి మళ్లీ లోపల పెట్టాను. తాళం సారుకు ఇచ్చి ఇంటికి పోయి వండుకుని తిన్నాను.

తర్వాత ఊళ్లో జరిగింది అక్క చెప్పగా విన్నదే. గొలుసు వేసిన రోజు అందరి ముందూ సర్వే ఆయన "శిఖం దున్నుకుని పట్టా అంటవా?" అన్నాడట. మిగతా మూడిళ్ల వాళ్లు తలలు వంచుకుని ఊరుకున్నారు. బావ ఊరుకోలేదు. నీళ్లు వంగి పోతాయని, కావాలంటే ముసలోళ్లను అడగమని, నీళ్లలోకి దిగి చేతులు చాపి చూపించాడట. ప్రింటు చూపించి ఆయన నవ్వాడు. ఆయన నవ్వితే ఊరూ నవ్వింది. అప్పటినుంచి బావకు వంపాయన అని పేరు పడింది. కల్లు దగ్గర ఎవడైనా కోతలు కోస్తే, వంపాయన చెప్పినట్టే ఉందిరా అనేవాళ్లట. అబద్ధం అనేది నోట్లోంచి రాని మనిషి ఆయన. నిజం కూడా అవసరమైతే తప్ప మాట్లాడడు.

మరుసటి వానాకాలం నీళ్లు వచ్చాయి. వచ్చినవి పోలేదు. గీత బయటి వాళ్లకు ఎగువన భూమి చూపించారు. నాలుగిళ్ల వాళ్లకు ఏమీ లేదు. అక్కా బావా పిల్లను తీసుకుని నెక్కొండకు వచ్చేశారు. బావ బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. అక్క మిరప తోటలకు కూలికి పోయేది. నేను రెండు మూడు నెలలకోసారి మిఠాయి పొట్లం పట్టుకుని పోయేవాణ్ణి. అక్క ఎప్పటిలాగే పెద్ద పళ్లెంలో అన్నం పెట్టేది. కంట్రోలు బియ్యం. మడి బియ్యానికీ దానికీ తేడా మొదటి ముద్దలోనే తెలిసింది. తెలిసే తిన్నాను. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం నాకు సుఖంగా ఉండేది. అది దాచిపెట్టి లాభం లేదు.

ఉద్యోగం పర్మనెంటు అయింది. పెళ్లయింది. చాలా ఏళ్లు పిల్లలు లేరు. ఎనభైల్లో, అక్క కూతురు మూడో తరగతి చదువుతుండగా, నాకు కొడుకు పుట్టాడు. నెలలు నిండకముందే పుట్టాడు, ఎలుకపిల్లంత ఉన్నాడు. హనుమకొండ దవాఖానలో ఒక వారం ఉంచారు. మూడో రోజు పొద్దున అక్కా బావా మొదటి రైలుకు వచ్చారు. అక్క సంచిలోంచి ఒక పాత జుబ్బ తీసింది.

"మా బిడ్డ బతికిన జుబ్బ. ఇద్దరు పోయినంక ఇది తొడిగితే నిలిచింది. నీ కొడుకుకు తొడుగు తమ్మీ" అంది.

గట్టిగా నిలిచిన బిడ్డ బట్ట తర్వాత పుట్టిన బిడ్డకు తొడగడం మాలో ఉన్నదే. తెల్లగా, వెన్నలాగా మెత్తగా ఉంది. చంక కింద ఒక బూడిద రంగు మచ్చ ఉంది, అదేమిటో అప్పుడు నాకు తట్టలేదు. మా ఆవిడ నిద్రపోతోంది. అక్క తొడిగి వాణ్ణి నా చేతుల్లో పెట్టింది. వరండాలో ఎండ పొడకు నిలబడ్డాను.

వాడు ఉచ్చ పోశాడు. జుబ్బ వెనక భాగమంతా తడిసింది. పొడి బట్ట మీద కనిపించని గీతలు తడికి మెల్లగా పైకి వచ్చాయి. ముందు దువ్వెన పళ్ల లాంటి గీతలు, కట్ట. తర్వాత తూము. తర్వాత వాడి వీపు మీదుగా చుట్టి వస్తున్న నీటి అంచు. గీసిన చెయ్యి నాదే, పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. నా కళ్లు వాటంతట అవే మడత ఉండాల్సిన చోటికి పోయాయి. అక్కడ గీత చక్కగా పోవడం లేదు. లోపలికి వంగి, చిన్న దాన్ని దేన్నో చుట్టి, మళ్లీ బయటికి వచ్చింది. నువ్వుగింజంత వంపు.

వాణ్ణి తుడిచి, పొడి బట్టలో చుట్టి అక్కకు ఇచ్చాను. జుబ్బ కుళాయి కింద పిండి, జేబురుమాలులో చుట్టి ఆఫీసుకు పోయాను. అందరూ భోజనానికి లేచాక రెండో ట్రేసింగు తీసి దాని మీద జుబ్బ పరిచాను. కొలత సరిపోలేదు. ఉతికిన బట్ట కుదించుకుపోతుంది, ఏ కచేరీలోనూ అది సాక్ష్యానికి నిలబడదు. కానీ కొంచెం జరిపి, కొంచెం లాగి చూస్తే ప్రతి మలుపూ మలుపు మీదికి వచ్చింది. ఒక్కచోటే రాలేదు. మైలుకు అంగుళం చొప్పున ఆ నువ్వుగింజను లెక్క వేశాను. ఆరెకరాలు. నాలుగిళ్ల మళ్లు కలిపితే అంతే.

తిరిగి పోయేసరికి అక్కా బావా దవాఖాన మెట్ల మీద కూర్చుని గిన్నె విప్పుకుని తింటున్నారు. వాళ్లు తినడం అయ్యేదాకా ఆగాను. చెప్పకుండా ఉండొచ్చని ఆ కాసేపట్లో చాలాసార్లు అనుకున్నాను. ఏడెనిమిదేళ్లుగా చెప్పలేదు, ఇంకా ఎన్నేళ్లయినా చెప్పకుండా ఉండగలను, ఆ సంగతి నాకు తెలుసు. జుబ్బ మళ్లీ తడిపి తెచ్చి మెట్టు మీద పరిచాను.

"బావా, ఇది కట్ట" అన్నాను.

బావ నక్షలు చదవలేడు. వేలు తుడుచుకుని కట్ట మీద పెట్టాడు. బస్తాలు మోసి మోసి ఆయన బొటనవేలు గోరు చీలిపోయి ఉంది. ఆ వేలు తూము దాటి, నీళ్ల అంచు వెంబడి నెమ్మదిగా పోయింది. నేను ఏమీ చెప్పకుండానే వంపు దగ్గర ఆగింది.

"గీడ తుమ్మచెట్టు ఉండె" అన్నాడు.

అక్క వంగి చూసింది. "గిదేంది, బిడ్డ జుబ్బ గాదు? ఇన్నేండ్లు నా పెట్టెలనే ఉన్నదా మడి?"

అప్పుడు చెప్పాను. సిరా ఒలికిన గుడ్డ ఇదేనని, రెండోది గీసేటప్పుడు మడత రాలిపోయి ఉందని, చుక్కలు పెట్టాల్సింది నేనే కలిపేశానని, బావ ఆఫీసుకు వచ్చిన రోజే నాకు అనుమానం వచ్చిందని. ఆ చివరి మాట దగ్గర కొంచెం నీళ్లు నమిలాను, కానీ చెప్పాను.

బావ చాలాసేపు ఆ వంపు మీదనే వేలు ఉంచాడు. బట్ట ఆరుతుంటే గీత మెల్లగా మాయమవుతోంది.

"నేను చెప్పిన గదా, వంగి పోతయని" అన్నాడు. కోపంగా కాదు. మిల్లులో బస్తాల లెక్క చెప్పినట్టు అన్నాడు. తర్వాత అడిగాడు, "ఇంకెవలకన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. బిడ్డ తండ్రివైనవు. నౌకరి పోతది."

ఆ మాటకు నాకు ఊపిరి ఆడింది. సిగ్గు ముందు రావలసింది. ముందు వచ్చింది ఊపిరే.

బావ గిన్నె కడుక్కురావడానికి కుళాయి దగ్గరికి పోయాడు. అక్క జుబ్బ ఎత్తి, దులిపి, కిటికీ చువ్వల మీద ఆరేసింది. నా వైపు చూడకుండానే అంది.

"మడి పోయినందుకు ఈయన ఎన్నడు ఏడ్వలేదు తమ్మీ. నీళ్లు వచ్చినంక గూడ ఏడ్వలేదు. 'మా ఊరి దిక్కు మనిషి' అన్నవట గదా మీ సారుతోటి. ఆ దినం ఇంటికొచ్చి ఏడ్చిండు."

అంతలో బాబు ఏడిస్తే అక్క లోపలికి పోయింది. ఆరిన జుబ్బ సాయంత్రం మళ్లీ తొడిగింది. వాడు దాన్ని మూడు నెలలు తొడుక్కున్నాడు, బతికాడు.

మరుసటి ఏడు ఆ చెరువు తూము రిపేరుకు పాత ట్రేసింగు కావాలన్నారు. అది అంచులు చినిగి పనికిరాకుండా ఉంది. మూలం మీద కొత్తది గీయమని సారు ఆ నక్షే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సుద్దపొడి చల్లాను, రుద్దాను, గీత మొదలుపెట్టాను. మడత దగ్గర కలం ఎత్తాను. వంపు నాకు తెలుసు, కళ్లు మూసుకుని గీయగలను, కానీ మూలంలో లేని గీత గీసే హక్కు నాకు లేదు. చుక్కలు పెట్టాను. పక్కన 'మూలం చినిగినది' అని రాశాను. సారు కళ్లద్దాలు సర్దుకుని చూసి సంతకం పెట్టాడు. పైకి పోయింది, సంతకాలతో తిరిగి వచ్చింది. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

తొమ్మిది చుక్కలు. చెయ్యి వణకలేదు. అన్నీ పెట్టడానికి ఒక్క నిమిషం పట్టింది.